గుర్రం గొంతుకు ఆపరేషన్ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు,

దౌడు తీసే గుర్రం గొంతులోంచి ఈల వేసినట్టో, గుర్రుమన్నట్టో శబ్దం ఎందుకొస్తుంది, ఆపరేషన్ చేస్తే పోతుందా అని అడిగారు కదా. పశువైద్యం చేస్తూ ఇంతవాణ్ణయ్యాను కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మనం నోరు తెరుస్తాం, దానికి ఆ వీలు లేదు. ఎంత గాలి కావాలన్నా ముక్కులోంచి, స్వరపేటిక మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిందే. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి పది పన్నెండు సార్లు ఊపిరి తీసుకుంటుంది. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగకు ఒక్కో శ్వాస, అంటే నిమిషానికి 120కి పైనే. పందెం గుర్రం పూర్తి వేగంలో ఉంటే నిమిషానికి దాదాపు 1,500 లీటర్ల గాలి ఆ ఇరుకు దారిలోంచి వెళ్లాలి.

స్వరపేటిక పైభాగంలో అటొకటి, ఇటొకటి మృదులాస్థులు ఉంటాయి. అవి రెండు తలుపుల్లాంటివి. ఊపిరి పీల్చేటప్పుడు బాగా తెరుచుకుంటాయి, మేత మింగేటప్పుడు గట్టిగా మూసుకుంటాయి. తెరిచే పనికి ఒక్కో వైపు ఒకే ఒక కండరం ఉంది. ఆ కండరానికి ఆజ్ఞ తెచ్చే నరం పాడైతే కండరం మెల్లగా చిక్కిపోతుంది, ఆ వైపు తలుపు గాలి దారిలోకి వాలిపోతుంది. శబ్దం అక్కడినుంచే వస్తుంది. శ్వాస లోపలికి తీసుకునేటప్పుడే వినిపించడం దీని గుర్తు.

జబ్బు దాదాపు ఎప్పుడూ ఎడమ వైపే. ఆ నరం దారి చూడండి. మెదడు దగ్గర బయల్దేరి మెడ వెంట కిందికి దిగుతుంది. తన గమ్యమైన గొంతును దాటి ఛాతీలోకి పోయి, గుండె దగ్గర బృహద్ధమనిని చుట్టి, మళ్లీ మెడ వెంట పైకి వస్తుంది. పెద్ద గుర్రాల్లో ఈ ప్రయాణం 2 మీటర్లు దాటుతుంది. కుడివైపు నరం ఛాతీ మొదట్లోనే వెనక్కి తిరుగుతుంది కాబట్టి దాని దారి పొట్టి. ఇంత చుట్టుదారి ఎందుకంటే, చేపల్లాంటి పూర్వీకుల్లో ఆ నరం మొప్పల రక్తనాళాల వెనకగా తిన్నగానే పోయేది. తరతరాలుగా మెడ పెరిగింది, గుండె కిందికి జారింది, నరం ఆ రక్తనాళానికి చిక్కుకుని సాగుతూ వచ్చింది. మనలోనూ, జిరాఫీలోనూ ఇదే చుట్టుదారి. పరిణామం గురించి ఇంత స్పష్టంగా చెప్పే నరం ఒంట్లో ఇంకొకటి లేదని నాకనిపిస్తుంది. 2వ శతాబ్దంలోనే గాలెన్ అనే వైద్యుడు అరుస్తున్న పందిలో ఈ నరాన్ని కోసి, అరుపు ఆగిపోవడం అందరికీ చూపించాడు. ఆ సంగతి చదివితే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

పొడుగు నరం చివర్లు ముందుగా ఎందుకు చస్తాయో ఇంకా పూర్తిగా తేలలేదు. ఎత్తయిన జాతుల్లో ఎక్కువ, పోనీల్లో, అంటే పొట్టి జాతి గుర్రాల్లో, బాగా అరుదు. మెడలో సిరకు ఇవ్వాల్సిన మందు పక్కకు కారి నరం దెబ్బతినడం లాంటి కారణాలు కొన్ని గుర్రాల్లోనే కనిపిస్తాయి.

ముక్కులోంచి ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, పంపి చూస్తే జబ్బు బయటపడుతుంది. నిలబడి ఉన్నప్పటి కదలికను 1 నుంచి 4 గ్రేడ్లుగా చెబుతారు. 4 అంటే అసలు కదలిక లేదని. చిక్కంతా 3తోనే, అంటే తలుపు కదులుతుంది కానీ పూర్తిగా తెరుచుకోదు. అలాంటప్పుడు అలాంటి గొట్టాన్నే ముక్కులో ఉంచి తలకు అమర్చి, రౌతు స్వారీ చేస్తుండగా గొంతు ఎలా ఉందో చూడాలి. అది చూడకుండా కత్తి పట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఇక ఆపరేషన్లు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో విలియమ్స్, బ్రిటన్‌లో ఫ్రెడరిక్ హాబ్డే స్వరతంత్రి పక్కనుండే చిన్న సంచి పొరను తీసేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు ఆ సంచితోపాటు స్వరతంత్రిని కూడా లేజర్‌తో తీస్తున్నారు. గుర్రాన్ని పడుకోబెట్టకుండా, నిలబడి ఉండగానే మత్తిచ్చి చేయొచ్చు. శబ్దం బాగా తగ్గుతుంది. కానీ వాలిన తలుపు వాలినట్టే ఉంటుంది కాబట్టి పందెం గుర్రానికి ఇదొక్కటే చాలదు.

దానికోసం 1970లో అమెరికాలో మార్క్స్ బృందం ఇంకో పద్ధతి వివరించింది. డాక్టర్లు దాన్ని టై బ్యాక్ అంటారు. చిక్కిపోయిన కండరం ఏ దిశలో లాగేదో సరిగ్గా ఆ దిశలోనే, కరగని గట్టి దారంతో ఆ మృదులాస్థిని వెనకున్న మృదులాస్థికి కట్టేస్తారు. తలుపు తెరిచి కట్టేసినట్టే. ఇక అది గాలికి అడ్డు రాదు, కానీ మూసుకోవడం కూడా మానేస్తుంది. మరీ బిగించి కడితే మేత తునకలు, నీళ్లు గాలిగొట్టంలోకి జారతాయి, దగ్గు పట్టుకుంటుంది, న్యుమోనియా కూడా రావచ్చు. వదులుగా కడితే పరుగులో ఊపిరి చాలదు. పైగా మొదటి కొన్ని వారాల్లో ముడి కొంత సడలుతుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పూర్తిగా తెరవడం కాదు, ఆ గుర్రం చేసే పనికి సరిపడా తెరవడమే మంచి సర్జన్ పని. ప్రదర్శనల్లో స్వారీకి వాడే గుర్రాలకు ఫలితం బాగుంటుంది. పందెం గుర్రాల్లో అంత ఖాయంగా చెప్పలేం.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది నరం అతికే పద్ధతి. మెడలో మొదటి నరం కొమ్మను తెచ్చి ఆ కండరంలో నాటుతారు. అది పట్టుకుంటే కండరం మళ్లీ ప్రాణం పోసుకుంటుంది, తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది, మింగేటప్పుడు మూసుకుంటుంది. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. తొందరపడే యజమానులు ఆగలేరు. కండరం పూర్తిగా చచ్చిపోకముందే చేయాలి కూడా.

నెమ్మదిగా నడిచే పనులకే వాడే గుర్రానికి ఇవేమీ అక్కర్లేదు. దానికి బాధ ఉండదు, శబ్దం మనల్ని కంగారుపెడుతుందంతే.

టై బ్యాక్ అయిన గుర్రం మీ చేతికొస్తే మేత, నీళ్లు నేలమట్టంలోనే పెట్టండి, తల వంచి తింటే గాలిగొట్టంలోకి జారేది తగ్గుతుంది. ఎండుగడ్డిని తడిపి వేయండి. ఆరు వారాలదాకా పరుగు వద్దు. ఎన్నేళ్లయినా సరే, తినేటప్పుడు దగ్గినా, తిన్నది ముక్కులోంచి వచ్చినా డాక్టర్‌కు ఫోన్ చేసి మొదటి మాటగానే గొంతుకు ఆపరేషన్ అయిందని చెప్పండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య