బ్రేకు నొక్కితే ఆరిపోయే లైటు

వైజాగ్ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "రాత్రి లైట్లు వేస్తే కారు వెనక ఎడమ లైటు నిక్షేపంలా వెలుగుతుంది. బ్రేకు నొక్కానా, ఆరిపోతుంది. బల్బు మార్చాను, ఫ్యూజు మార్చాను. అదే వరస. ఏమిటయ్యా ఇది?" అత్తయ్యగారు అప్పటికే దిష్టి అని తేల్చి బంపరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారట. సరిగ్గా వెలగాల్సినప్పుడే దీపం ఆరిపోతుంటే ఎవరి మనసైనా దిష్టి మీదికే పోతుంది. నాకు మాత్రం ఆ లక్షణం వినగానే ఒళ్లు పులకరించింది. కారు కరెంటులో ఇంతకన్నా అందమైన చిక్కుముడి లేదు.

బడిలో మనం గీసిన సర్క్యూట్లన్నిటిలోనూ బల్బుకి రెండు తీగలు. కారులో కరెంటు వచ్చేది తీగలో, తిరిగి వెళ్లేది ఎక్కువ భాగం ఇనుప బాడీ మీదుగా. బ్యాటరీ నెగటివ్‌ని బాడీకే బిగిస్తారు. మెకానిక్కులు దాన్నే ఎర్త్ అంటారు. పదో తరగతిలో ఈ ఒక్క బొమ్మ గీయించి ఉంటే మనలో సగం మందికి బల్బులు ఊరికే మార్చే అలవాటు తప్పేది.

ఫిలమెంట్ బల్బులున్న చాలా కార్లలో వెనక ఉండేది 21/5 వాట్ల డబుల్ ఫిలమెంట్ బల్బు. 5 వాట్లది టెయిల్ లైటు, 21 వాట్లది బ్రేకు. రెండిటికీ ఎర్త్ ఒక్కటే. రెండు చెరువుల తూములు ఒకే డ్రెయిన్‌లో పడుతున్నాయనుకోండి. ఆ డ్రెయిన్ పూడిపోతే నీరు ఆగిపోదు, ఎదురు తూములోంచి వెనక్కి ఎక్కి రెండో చెరువులోకి పోతుంది.

బావగారి బల్బులో జరుగుతున్నది అదే. రాత్రి టెయిల్ చెరువు నిండుగా ఉంది, 12 వోల్టులు. డ్రెయిన్, అంటే ఎర్త్, పూడిపోయింది. కరెంటు 5 వాట్ల ఫిలమెంటు దాటి, 21 వాట్ల దానిలోకి వెనకనుంచి దూరి, బ్రేకు తీగ పట్టుకుని కుడివైపు బ్రేకు బల్బుకి వెళ్లి, అక్కడి ఎర్త్‌లో దిగుతుంది. 5 వాట్ల ఫిలమెంటు వేడెక్కాక దాని నిరోధం సుమారు 29 ఓములు. 21 వాట్లది వెలుగుతున్నప్పుడే 7 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. అలాంటివి రెండు దారిలో అడ్డొచ్చినా 29 ముందు అదో లెక్క కాదు. అందుకే లైటు నిక్షేపంలా కనిపిస్తుంది.

ఇప్పుడు బ్రేకు నొక్కండి. రెండో చెరువు కూడా 12 వోల్టులకు నిండింది. రెండూ ఒకే మట్టం, మధ్యలో నీరు కదలదు. లైటు ఆరిపోయింది! పగలు, లైట్లు వేయకుండా నొక్కితే కథ తిరగబడుతుంది. కరెంటు బ్రేకు వైపునుంచి టెయిల్ తీగలోకి ఎక్కుతుంది, బ్రేకు లైటుకి బదులు చిన్న ఫిలమెంటు వెలుగుతుంది. మొత్తం ల్యాంపుకి ఒకే ఎర్త్ ఉంటే ఇండికేటర్ కూడా ఇందులో కలిసి మసకమసకగా వెలుగుతుంది.

"మీటరు పెట్టి చూశా, 12 చూపించింది" అన్నారు బావగారు. బల్బు తీసేసి చూశారట. డిజిటల్ మల్టీమీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. దారిలో వెయ్యి ఓముల తుప్పున్నా దానికి పూర్తి 12 కనిపిస్తుంది. 1.75 ఆంపియర్లు కావలసిన బ్రేకు ఫిలమెంటుకి మాత్రం ఆ వెయ్యి ఓములు అడ్డుగోడే. అంతదాకా అక్కర్లేదు, వోల్టులు సగానికి పడితే చాలు, వెలుతురు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. బల్బు పెట్టి, వెలిగించి కొలవాలి.

వీడియో కాల్‌లో డిక్కీ తెరిపించాను. బల్బు హోల్డర్‌లోనే ఉంది. మీటరు నల్ల తీగ శుభ్రమైన బోల్టు మీద, ఎర్రది హోల్డర్ ఎర్త్ రేకు మీద. లైట్లు వేసి, మేనల్లుడు బ్రేకు నొక్కాడు. సున్నా రావాల్సిన చోట 12. అక్కణ్నుంచి ఎర్త్ తీగ పట్టుకుని వెళ్తే, చివరి స్క్రూ కింద రింగు టెర్మినల్ పచ్చటి చిలుము పట్టి, గోటితో గీరితే పొడిగా రాలింది. సముద్రపు గాలి.

టెర్మినల్‌నీ, దాని కింద బాడీ రేకునీ సాండ్‌పేపరుతో మెరిసేదాకా రుద్ది, స్క్రూ గట్టిగా బిగించి, పైన కొంచెం వ్యాజలిన్ పూశారు. మళ్లీ బ్రేకు నొక్కించాం. వెనక గోడంతా ఎర్రబడింది. మీటరులో 0.05.