బెర్జెరాన్‌ని మాంట్రియల్ ఎందుకు తీసుకుంది? 2009 నాటి ఒక చిన్న ఒప్పందం వెనక కథ

2009 అక్టోబర్ 1, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మాంట్రియల్‌కి సీజన్ మొదటి మ్యాచ్, టొరంటోలో. గోల్ ముందు తోపులాటలో సొంత గోలీ కేరీ ప్రైస్ స్కేటు బ్లేడే తగిలి మాంట్రియల్ కెనేడియన్స్ డిఫెన్స్‌మన్ ఆండ్రే మార్కోవ్ చీలమండ దగ్గర టెండన్ తెగిపోయింది. అంతకు ముందు సీజన్‌లో గోల్స్, అసిస్టులు కలిపి 64 పాయింట్లు చేసినవాడు మార్కోవ్, పవర్‌ప్లే (ఎదుటి ఆటగాడు పెనాల్టీతో బయట కూర్చుని, ఆ జట్టు ఒకరు తక్కువగా ఆడే సమయం) అంతా అతని చేతుల మీదుగానే నడిచేది. వారం తిరక్కుండానే జట్టు మరో డిఫెన్స్‌మన్ మార్క్-ఆంద్రే బెర్జెరాన్‌ని తెచ్చుకుంది. ఏడాది ఒప్పందం, ఏడున్నర లక్షల డాలర్లు. లీగ్‌లో కనీస జీతమే అప్పుడు 5 లక్షలు. సీజన్ మొదలైపోయినా ఏ జట్టూ పిలవని ఆటగాడు మరి.

మార్కోవ్ పడ్డాడు, బెర్జెరాన్ వచ్చాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. కానీ ఆ ఖాళీ మార్కోవ్ గాయంతో ఏర్పడింది కాదు, అప్పటికి రెండేళ్లుగా ఉన్నదే.

2006-07లో షెల్డన్ సౌరే మాంట్రియల్‌కి 26 గోల్స్ కొట్టాడు, అందులో 19 పవర్‌ప్లేలోనే. ఒక సీజన్‌లో ఒక డిఫెన్స్‌మన్ అన్ని పవర్‌ప్లే గోల్స్ కొట్టడం అదే మొదటిసారి. మార్కోవ్ పక్‌ని (ఆడే రబ్బరు బిళ్లని) పక్కకి ఇస్తాడు, సౌరే ఆపకుండా వచ్చింది వచ్చినట్టే బాదేస్తాడు, అంతే వాళ్ల ఆట. ఆ వేసవిలో ఎడ్మంటన్ ఐదేళ్లకు 2.7 కోట్ల డాలర్లు ఇచ్చి అతన్ని పట్టుకుపోయింది. ఆ జాగాలోకి మార్క్ స్ట్రైట్ వచ్చాడు. 2004 డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) 262వ స్థానంలో, 26 ఏళ్ల వయసులో ఎంపికైన స్విస్ ఆటగాడు, మాంట్రియల్ అతన్ని అప్పుడప్పుడు ఫార్వర్డ్‌గా కూడా ఆడించేది. 2007-08లో అతను 62 పాయింట్లు చేశాడు, మాంట్రియల్ పవర్‌ప్లే లీగ్‌లోనే నంబర్ వన్ అయింది, వెంటనే న్యూయార్క్ ఐలాండర్స్ ఐదేళ్లకు 2.05 కోట్లు ఇచ్చి తీసుకెళ్లిపోయింది. తర్వాతి సీజన్ మధ్యలో అట్లాంటా నుంచి 39 ఏళ్ల మాథ్యూ ష్నైడర్‌ని తెచ్చి ఎలాగో నెట్టుకొచ్చారు. 2009 వేసవిలో అతనూ వెళ్లిపోయాడు. అంటే మార్కోవ్‌కి గాయమయ్యే నాటికే బ్లూ లైన్ (ఎదుటి జట్టు గోల్ ఉన్న భాగానికి హద్దు గీత) దగ్గర నిలబడి గట్టిగా కొట్టే చెయ్యి జట్టులో లేదు.

మనకు తెలిసిన ఫీల్డ్ హాకీలో పెనాల్టీ కార్నర్ కోసమే జట్టులో చోటు దక్కే డ్రాగ్‌ఫ్లికర్లు ఉంటారు కదా, ఐస్ హాకీలో వీళ్లూ దాదాపు అలాంటివాళ్లే.

ఇలాంటి ఆటగాళ్లకు గిరాకీ పెరగడానికి 2005 ముఖ్య కారణం. లాకౌట్‌తో 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక లీగ్ తిరిగొచ్చినప్పుడు, పట్టుకోవడం, అడ్డుపడటం లాంటివాటికి రెఫరీలు గట్టిగా పెనాల్టీలు ఇవ్వడం మొదలుపెట్టారు. దాంతో పవర్‌ప్లేలు విపరీతంగా పెరిగాయి. అదే ఏడాది 3.9 కోట్ల డాలర్లతో జీతాల పరిమితి కూడా వచ్చింది. షాట్ ఉన్నవాళ్లు కావాలి, కానీ అందరికీ సౌరే జీతం ఇవ్వలేరు. షాట్ ఉండి మిగతా ఆట అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు తలుపు తెరుచుకుంది అలాగే.

బెర్జెరాన్ సరిగ్గా ఆ కోవలోని వాడు. క్యూబెక్ కుర్రాడు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. 2005-06లో ఎడ్మంటన్‌కి 15 గోల్స్ కొట్టాడు. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఏడాది లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ కోసం జరిగిన ఫైనల్ సిరీస్ మొదటి మ్యాచ్. కరోలినా ఆటగాడు ఆండ్రూ లాడ్ గోల్ వైపు దూసుకొస్తుంటే బెర్జెరాన్ అతన్ని నెట్టుకుంటూ వెళ్లి తమ గోలీ డ్వేన్ రోలోసన్ మీదే పడేశాడు. రోలోసన్ మోకాలు పోయింది, మళ్లీ ఆ సిరీస్‌లో ఆడలేదు, ఎడ్మంటన్ ఏడో మ్యాచ్‌లో కప్పు పోగొట్టుకుంది. డిఫెన్స్ రాదన్న ముద్ర అతన్ని వదల్లేదు. ఐలాండర్స్, అనహైమ్, మినెసోటా తిరిగాడు. మినెసోటాకి 14 గోల్స్ కొట్టాక కూడా 2009 వేసవిలో ఖాళీగానే మిగిలాడు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఒక సీజన్‌లో 14 గోల్స్ కొట్టగల డిఫెన్స్‌మన్లు లీగ్‌లో ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు.

మాంట్రియల్ కోచ్ జాక్ మార్టిన్‌కి అతనేం చేయగలడో, ఏం చేయలేడో బాగా తెలుసు. మార్కోవ్ డిసెంబర్‌లో తిరిగొచ్చాక బెర్జెరాన్‌ని చాలా మ్యాచ్‌ల్లో ఫోర్త్ లైన్‌లో (తక్కువసేపు ఆడే చివరి బృందంలో) ఫార్వర్డ్‌గా దింపి, పవర్‌ప్లే రాగానే బ్లూ లైన్ దగ్గరికి పంపేవాడు. 60 మ్యాచ్‌ల్లో 13 గోల్స్, 21 అసిస్టులు. జట్టు పవర్‌ప్లే లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది.

ఆ ఏడాది మాంట్రియల్ తన విభాగంలో చివరిదైన ఎనిమిదో జట్టుగా ప్లేఆఫ్స్‌కి చేరింది. ఎదురుగా లీగ్ పట్టికలో 121 పాయింట్లు తెచ్చుకున్న వాషింగ్టన్. 3-1తో వెనకబడి కూడా సిరీస్‌ని ఏడో మ్యాచ్‌దాకా లాక్కొచ్చారు. మొదటి పీరియడ్ ఇంకో అర నిమిషంలో అయిపోతుందనగా బెర్జెరాన్ కొట్టిన షాట్ వలలో పడింది. అప్పుడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నది ఆ సీజన్‌లో 76 పాయింట్లు చేసిన వాషింగ్టన్ డిఫెన్స్‌మన్ మైక్ గ్రీన్. మ్యాచ్ 2-1తో మాంట్రియల్‌ది. క్రెడిట్ అంతా గోలీ యారోస్లావ్ హలాక్‌కి వెళ్లింది, వెళ్లాల్సిందే కూడా, లీగ్‌లో నంబర్ వన్ పవర్‌ప్లే ఉన్న వాషింగ్టన్ ఆ సిరీస్‌లో 33 అవకాశాల్లో ఒక్కటే గోల్ చేయగలిగింది. కానీ ఆ ఏడో మ్యాచ్‌లో తొలి గోల్ కొట్టింది ఏడున్నర లక్షల డాలర్ల మనిషి. ఆ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

అదే సిరీస్‌లో పి.కె. సుబ్బన్ అనే కుర్రాడిని కింది లీగ్ నుంచి పైకి తెచ్చారు. అతని దగ్గర షాట్ ఉంది, డిఫెన్స్ ఉంది, వయసూ ఉంది. 2010 వేసవిలో మాంట్రియల్ బెర్జెరాన్‌తో ఒప్పందం పొడిగించలేదు. మళ్లీ నెలల తరబడి ఏ జట్టూ లేకుండా ఉండి, 2011 జనవరిలో టాంపా బే పిలిస్తే వెళ్లాడు. వాళ్లకూ అతని పని పవర్‌ప్లేలోనే.