ఒంట్లోంచి వచ్చే కబురు

భయమేస్తే మన గుండె జారుతుంది, దుఃఖం ముంచుకొస్తే గొంతు పూడుకుపోతుంది, ఆకలితో ఏడ్చే పసివాణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అన్యాయం చూస్తే ఒళ్ళు మండుతుంది. వీటిని మనం అలంకారాలనుకుంటాం గాని, శరీరశాస్త్రం దృష్టితో చూస్తే ఇవి చాలావరకు ఉన్నదున్నట్టు చెప్పిన మాటలే. మన భాష ఉద్వేగాన్ని ఒంట్లో ఏ చోట పుడుతుందో ఆ చోటి పేరుతోనే పిలిచింది. ఇంత చక్కని మాటలున్న మనమే ఇప్పుడు ఆ చోట్లను గుర్తుపట్టడం మరిచిపోతున్నామని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మావంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రోజుకు పది గంటలు తెర ముందు కూర్చుని, ఎవరైనా పలకరిస్తే "బాగానే ఉన్నామండీ" అంటాం. ఆ మాట అంటున్నప్పుడే భుజాలు చెవులదాకా లేచి ఉంటాయి, పళ్ళు బిగుసుకుని ఉంటాయి, ఆ సంగతి మనకే తెలియదు. మా వీధిలో మేడమీద యోగా నేర్పే పెద్దావిడ ఆసనం సరిగ్గా వేశామా లేదా అన్నదానికన్నా ముందు, "ఏమ్మా, ఎడమ తుంటిలో ఏం తెలుస్తోంది?" అని అడుగుతారు. మొదటి కొన్ని వారాలు నా దగ్గర దానికి జవాబే లేదు.

ఆవిడ అడిగిన 'తెలియడం' ఒక ప్రత్యేకమైన జ్ఞానం. చూపు, వినికిడి బయటి లోకాన్ని చెప్పినట్టే, గుండె, ఊపిరితిత్తులు, పేగులు, రక్తనాళాలు తమ స్థితిని అనుక్షణం మెదడుకు చెబుతుంటాయి. ఈ లోపలి సంవేదనలను బయటి వాటినుంచి వేరుచేసి వాటికి 'ఇంటరోసెప్టివ్' అని పేరు పెట్టినవాడు బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్, 1906లో. మెదడునుంచి పొట్టదాకా దిగే వేగస్ నాడి ఆజ్ఞలు మోసే తీగ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులోని పోగుల్లో సుమారు 80 శాతం కిందినుంచి పైకి కబురు మోసేవే. ఆ కబుర్లు చివరికి చేరే ముఖ్యమైన చోటు, మెదడు పక్కభాగపు మడతలో దాగి ఉండే ఇన్సులా. 2004లో హ్యూగో క్రిచ్లీ బృందం కొందరికి వరుసగా మోతలు వినిపించి, అవి తమ గుండె కొట్టుకోవడంతో కలుస్తున్నాయో లేదో చెప్పమంది. ఎవరు బాగా పోల్చుకోగలిగారో వారి కుడి ఇన్సులా ముందుభాగం ఎక్కువ చురుకుగా కనిపించింది. గుండెచప్పుడును బాగా పసిగట్టేవారిలో ఆందోళన లక్షణాలూ కాస్త ఎక్కువగానే ఉండడం అదే అధ్యయనంలో తేలింది, ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

మరి ఇందులో యోగా చేసే పనేమిటి? పతంజలి సూత్రాలు సుమారు 195 ఉంటే వాటిలో ఆసనం గురించినవి మూడే, అందులో మొదటిది "స్థిరసుఖమాసనమ్". కదలకుండా, హాయిగా ఉండమనడంలో ఒక ఉపాయం ఉంది: కదులుతున్న ఒంట్లో సన్నని సంవేదనలు కొట్టుకుపోతాయి, ఒక భంగిమలో నిలిచిన ఒంట్లో అవి ఒక్కొక్కటే పైకి తేలుతాయి. మరోచోట పతంజలి, చిత్తం చెదిరినప్పుడు దుఃఖం, మనసు కుంగడం, అవయవాలు వణకడం, శ్వాస గతి తప్పడం దానితోపాటే వస్తాయని ఒకే సూత్రంలో చెప్పాడు. మనసు బాధనూ, చేతి వణుకునూ, ఊపిరినీ ఒకే వరుసలో పెట్టిన ఆ చూపు నాకు ఎప్పటికీ అబ్బురమే.

శ్వాస సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గుండె కొట్టుకోవడాన్ని మనం నేరుగా ఆజ్ఞాపించలేం, శ్వాస మాత్రం తనంతట తాను నడుస్తూనే మన మాటా వింటుంది. మణికట్టు మీద నాడి పట్టుకుని నిదానంగా ఊపిరి తీసి వదలండి. తీసేటప్పుడు నాడి కాస్త వేగమవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నిశ్వాసలో వేగస్ నాడి గుండెకు కళ్ళెం వేయడమే దీనికి కారణం, కాబట్టి నిశ్వాసను పొడిగిస్తే ఆ కళ్ళెం ఎక్కువసేపు బిగిసి ఉంటుంది. మామూలుగా పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఇటలీకి చెందిన లుచానో బెర్నార్డీ బృందం 2001లో, జపమాల ప్రార్థన గాని, మంత్రం గాని లయగా పలికేటప్పుడు శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగుతుందనీ, రక్తపోటును సరిదిద్దే సహజ ప్రతిచర్య అప్పుడు బలపడుతుందనీ చూపింది. ఇంట్లో పెద్దలు స్తోత్రం చదువుతుంటే పక్కన కూర్చుని విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

అయితే యోగా చేసేవారికి తమ గుండెచప్పుడు ఇతరులకన్నా కచ్చితంగా తెలుస్తుందా? 2008లో సాహిబ్ ఖల్సా బృందం అనుభవజ్ఞులైన టిబెట్ బౌద్ధ ధ్యానులనూ, కుండలినీ సాధకులనూ పరీక్షిస్తే, మామూలువారికన్నా వారేమీ మెరుగ్గా చెప్పలేకపోయారు. అందుచేత యోగా మనకు అతీంద్రియమైన సూక్ష్మతను ఇస్తుందని చెప్పడం సరికాదు. మారేది ఆ సంవేదనతో మనకుండే సంబంధమని నా అభిప్రాయం. షాంటాల్ విల్మ్యూర్, క్యాథరిన్ బుష్నెల్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, యోగా సాధకులు చేతిని చల్లని నీటిలో ఇతరులకన్నా రెట్టింపుకు పైగా సేపు ఉంచగలిగారు, వారి ఇన్సులాలో బూడిదరంగు పదార్థం (నాడీకణాలు గుమిగూడి ఉండే భాగం) కూడా ఎక్కువగా ఉంది. నొప్పిని పట్టించుకోకుండా ఉండడానికి బదులు, దాన్ని గమనిస్తూ శ్వాసను సడలించడం వారి పద్ధతి.

ఇప్పుడు ఆందోళన సంగతి. గుండె దడను చూసి బెదిరిపోయేవారికి దానిమీదే దృష్టి పెట్టమని చెబితే దడ ఇంకా పెరగవచ్చు. మనసులో పాత గాయాలున్నవారికి కళ్ళు మూసుకుని పడుకోవడమే భయంకరం కావచ్చు. అలాంటివారికి నెమ్మదిగా, వద్దనుకుంటే ఆపేసే స్వేచ్ఛనిస్తూ నేర్పాలి. ఏ చికిత్సకూ లొంగని మానసికాఘాతంతో బాధపడుతున్న 64 మంది స్త్రీలపై బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన పరీక్షలో, పది వారాల తర్వాత యోగా చేసినవారిలో సగం మందికి పైగా రోగనిర్ధారణ పరిధి దాటి బయటపడ్డారు, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో అలా బయటపడింది ఐదుగురిలో ఒకరు. ఇక్కడ మన హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కూడా యోగాను వైద్యంతోపాటు వాడుతున్నారు, మందులు మానిపించడానికి కాదు.

మొన్న ఒక సాయంత్రం శవాసనంలో ఉండగా ఆవిడ మళ్ళీ అడిగారు. "కడుపులో రాయి పెట్టినట్టుందండీ" అన్నాను. "ఎప్పటినుంచి?" అన్నారు. కాసేపు ఆలోచిస్తే తెలిసింది, మధ్యాహ్నం ఊరినుంచి నాన్న ఫోన్ చేసినప్పటినుంచి. ఆ ఫోన్ సంగతి అప్పటిదాకా నాకు గుర్తే లేదు. "అయితే ఇవాళ్టికి కష్టమైనవేవీ వద్దులే అమ్మా, అలాగే పడుకో" అని ఆవిడ పక్క వరుసకు వెళ్ళారు.