వద్దన్నా వచ్చే డబ్బు: ‘బ్రూస్టర్స్ మిలియన్స్’ రీమేక్ మీద అభిప్రాయాలు ఎందుకు చీలాయి?

వాల్టర్ హిల్ తీసిన ‘బ్రూస్టర్స్ మిలియన్స్’ 1985 మేలో అమెరికాలో విడుదలై, అక్కడి థియేటర్లలోనే దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు రాబట్టింది. విమర్శకుల్లో మాత్రం చాలామంది పెదవి విరిచారు. ప్రేక్షకుల మాట ఇప్పటికీ ఒకటిగా లేదు. టీవీలో పదేపదే చూసి పెరిగినవాళ్లు నెత్తిన పెట్టుకుంటారు. ఇందులో హీరోగా వేసిన హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ స్టేజి మీద విజృంభణ తెలిసినవాళ్లు ఉసూరుమంటారు. ఇదే కథతో వచ్చిన 1945 నాటి నలుపు తెలుపు సినిమా నచ్చినవాళ్లు ఆ పరుగు ఇందులో లేదంటారు. మూడు మాటల్లోనూ నిజం ఉంది. అయితే తగువు వేళ్లు నటుల దగ్గర కన్నా కథలోని వీలునామా దగ్గర ఉన్నాయి: పెద్ద ఆస్తి దక్కాలంటే ముందు చేతికొచ్చిన సొమ్మంతా గడువులోగా ఖర్చు చేసేయాలి. దాని షరతులు మారినప్పుడల్లా నవ్వు తీరు కూడా మారుతూ వచ్చింది.

మూలం 1902 నాటి నవల. జార్జ్ బార్ మెకచియన్ దీన్ని రిచర్డ్ గ్రీవ్స్ అనే మారుపేరుతో ప్రచురించాడు. న్యూయార్క్ కుర్రాడు మాంటీ బ్రూస్టర్‌కు తాత పది లక్షల డాలర్లు రాసి పోతాడు. వెంటనే మరో కబురు. మేనమామ సెడ్జ్‌విక్ అతనికి డెబ్బై లక్షలు వదిలి కన్నుమూశాడు. అసలు షరతు ఇది: ఇరవై ఆరో పుట్టినరోజు నాటికి తాత సొమ్ములో పైసా మిగలకూడదు. తన చెల్లెలి పెళ్లిని ఒప్పుకోక, ఆ దంపతులను దూరం పెట్టిన ముసలాయన డబ్బు మేనల్లుడి చేతిలో ఉండటం ఆ మామకు ఇష్టం లేదు. కథను నడిపేది ఆ పగే. గడువు దాదాపు ఏడాది. రోజుకు 2,740 డాలర్లు ఖర్చు చేస్తే లెక్క సరిపోతుంది. నాలుగు శాతం వడ్డీ వేసుకున్నా మొదట్లో రోజుకు 110 డాలర్లు తిరిగి వచ్చి చేరుతుంటాయి. దానధర్మాలకు హద్దు ఉంది, ప్రతి ఖర్చుకూ రసీదు ఉండాలి, సంగతి ఎవరికీ చెప్పకూడదు.

ఈ చివరి షరతే కథకు ప్రాణం. నష్టపోదామని కొన్న షేర్లు పెరుగుతాయి, ఓడిపోదామని కాసిన పందెం గెలుస్తుంది. ఆ నవ్వు ఎవరైనా పండించగలరు. కానీ మాంటీకి మతి పోయిందనుకుని స్నేహితులు అతన్ని ఆపబోవడం, వాళ్లకు నిజం చెప్పలేక అతను నలిగిపోవడం, మర్యాదస్తుల మధ్య పరువు పోవడం, ఇవే నవలను ఇన్నేళ్లు బతికించాయి. 

1906లో నాటకమైంది. 1914లో ఆస్కార్ ఆప్ఫెల్, సెసిల్ బి. డిమిల్ కలిసి మూకీగా తీశారు. 1921లో ఫ్యాటీ ఆర్‌బకుల్ నటించాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక నటి మృతి కేసులో అరెస్టయ్యాడు, తర్వాత నిర్దోషిగా బయటపడ్డా అతని కెరీర్ కోలుకోలేదు. 1926లో బీబీ డేనియల్స్‌తో కథానాయకుణ్ణి నాయికగా మార్చి మరో మూకీ వచ్చింది. 1935లో బ్రిటన్‌లో జాక్ బుకానన్‌తో పాటల సినిమా అయింది. పోలికలు పెట్టేవాళ్లకు అసలైన కొలబద్ద మాత్రం 1945లో అలన్ డ్వాన్ తీసినదే. ఇందులో మాంటీ యుద్ధం నుంచి అప్పుడే ఇల్లు చేరిన సైనికుడు. పది లక్షలకు రెండు నెలలే గడువు, అంటే రోజుకు 16 వేలకు పైన. ఏడాది కథ అరవై రోజులకు కుదించుకోగానే ప్రహసనాల్లో తలుపులు తీసి మూసేంత వేగం వచ్చేసింది. సినిమా మొత్తం గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ఆ సినిమాను మెంఫిస్ నగర సెన్సార్ బోర్డు నిషేధించింది. బోర్డు పెద్ద లాయిడ్ బిన్‌ఫర్డ్‌కు అభ్యంతరమైనది ఎడ్డీ ‘రాచెస్టర్’ ఆండర్సన్ పాత్ర. తెల్లవాళ్లతో నల్లజాతి నటుడు అంత చనువుగా కనబడటం ఆయనకు మింగుడుపడలేదు. నలభై ఏళ్ల తర్వాత మాంటీ పాత్రే నల్లజాతి నటుడు రిచర్డ్ ప్రయర్‌కు దక్కింది. 1985 సినిమాను తేలికపాటి కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లు ఈ దూరాన్ని ఒకసారి కొలిచి చూడాలి.

1985 సినిమా రచయితలు హర్షెల్ వీన్‌గ్రాడ్, తిమోతీ హారిస్ అంతకు రెండేళ్ల ముందే ‘ట్రేడింగ్ ప్లేసెస్’ రాసినవాళ్లు. డబ్బు మీద హాస్యం వాళ్లకు కొట్టిన పిండి. వాళ్ల మాంటీ, హాకెన్‌సాక్ బుల్స్ అనే చిన్న జట్టులో బేస్‌బాల్ బంతులు విసిరే ఆటగాడు. మూడు కోట్ల డాలర్లు 30 రోజుల్లో ఖర్చు చేస్తే 30 కోట్లు వస్తాయి, లేకపోతే ఏమీ రాదు. భయముంటే ముందే పది లక్షలు తీసుకుని తప్పుకోవచ్చు. అయిదు శాతం, అంటే 15 లక్షలు, జూదంలో పోగొట్టుకోవచ్చు. మరో అయిదు శాతం దానం చేయవచ్చు. మిగతా 2 కోట్ల 70 లక్షలకు తగిన పని చేయించుకోవాలి. విలువైన వస్తువును కావాలని ధ్వంసం చేయకూడదు, గడువు ముగిసేసరికి ఆస్తి ఉండకూడదు, ఎవరికీ చెప్పకూడదు. గంటకు 41 వేల డాలర్ల పైచిలుకు! 1902 నుంచి 1985కు ధరలు దాదాపు 12 రెట్లు పెరిగాయని అంచనా. సొమ్ము 30 రెట్లయింది, గడువు పన్నెండో వంతుకు పడిపోయింది.

సినిమాలో అందరూ ఒప్పుకునే మంచి భాగాలు ఈ షరతుల సందుల్లోంచి పుట్టాయి. 1918లో విమానం బొమ్మ తలకిందులుగా అచ్చయిన 24 సెంట్ల ‘ఇన్వర్టెడ్ జెన్నీ’ తపాలా బిళ్లను మాంటీ పది లక్షల డాలర్లు దాటిన ధరకు కొంటాడు. దాన్ని ఒక కార్డుకు అంటించి లాయర్లకే పోస్టు చేస్తాడు. బిళ్లను చింపితే ధ్వంసం కిందకు వస్తుంది. ఉత్తరానికి అంటిస్తే దాని పని దానిచేత చేయించినట్టే. కాగితం మీద ఇంత పక్కాగా నిలబడే హాస్యం అరుదు. ఎన్నికల ఘట్టమూ ఇలాంటిదే. న్యూయార్క్ మేయర్ పోటీలో దిగి, “పై వారెవ్వరూ కాదు” అని ఓటేయమంటాడు. ప్రచారం డబ్బు మింగేస్తుంది, ప్రత్యర్థులు వేసిన పరువునష్టం దావాల రాజీ ఇంకా మింగేస్తుంది. తీరా గెలిచేలా ఉంటే తప్పుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే జీతమొచ్చే పదవి ఆస్తి కిందే లెక్క.

ఇక నచ్చనివాళ్ల వైపు. 1982లో అతని స్టేజి హాస్య ప్రదర్శన ‘లైవ్ ఆన్ ది సన్‌సెట్ స్ట్రిప్’ చూసినవాళ్లకు తెలిసిన ప్రయర్ పచ్చిగా, నొప్పిని దాచకుండా మాట్లాడే మనిషి. పెద్దల సలహాతో పిల్లలూ చూడదగ్గ పీజీ సర్టిఫికెట్ సినిమాలో ఆ నోటికి తాళం పడింది. హిల్ అప్పటిదాకా ‘ది వారియర్స్’, ‘48 అవర్స్’ లాంటి దెబ్బలాటల సినిమాలతో పేరు తెచ్చుకున్న దర్శకుడు. అచ్చమైన హాస్యం అతనికి కొత్త. స్నేహితుడు స్పైక్‌గా జాన్ క్యాండీ ఉత్సాహమే చాలా సన్నివేశాలను లాక్కొచ్చింది.

నా దృష్టిలో అసలు లోటు వేరే రెండు చోట్ల ఉంది. మొదటిది, నవలలోని పగ స్థానంలో పాఠం వచ్చింది. వీలునామా రాసి పోయిన ముసలి బంధువు (హ్యూమ్ క్రోనిన్ వేశాడు) ముందే తీయించిన ఫిల్ములో కనిపించి, తాను చిన్నప్పుడు చుట్ట కాలుస్తూ తండ్రికి దొరికితే పెట్టెడు చుట్టలతో గదిలో పెట్టి తాళం వేశాడని, అలాగే నీకూ ఖర్చంటే వెగటు పుట్టాలని చెబుతాడు. వినడానికి ముచ్చటగా ఉంది. కానీ ప్రయర్ మొహంలో ఆ వెగటు బలంగా కనబడదు. అతని ఖర్చుల లెక్క చూసే లా ఆఫీసు ఉద్యోగిని ఏంజెలా కోపం తప్ప అతన్ని ఒంటరిని చేసేదీ పెద్దగా లేదు. 

రెండోది ముగింపు. నవలలో ఏడు మిలియన్లు చూసుకునే నిర్వాహకుడు మాయమయ్యాడని ఆఖరి క్షణాల్లో కబురొస్తుంది. ఉన్నది ఊడ్చేశాక వచ్చేదీ లేదేమోనన్న భయంతో మాంటీ నిలబడాలి. 1985లో దాని బదులు ఒక దొంగ లాయరు 20 వేల డాలర్లు దాచి, చివర్లో బయటపెడతాడు. మాంటీ అతన్ని గుద్దుతాడు, అతను దావా వేస్తానంటాడు, ఆ దావాకు లాయరు ఫీజుగా ఆ 20 వేలూ ఏంజెలాకు చెల్లించి రసీదు తీసుకుంటాడు. లెక్క ముచ్చటగా తేలుతుంది. మనిషికి పరీక్ష మాత్రం జరగదు. మొదటి గంట మెచ్చుకుని చివర నిట్టూర్చేవాళ్లతో నేను ఏకీభవించేది ఇక్కడే.

మన దగ్గర ఈ కథ హాలీవుడ్ రీమేక్ కన్నా ముందే పాతుకుంది. 1954లో వై.ఆర్. స్వామి దర్శకత్వంలో ఎన్టీఆర్ ‘వద్దంటే డబ్బు’ దీని ఆధారంగానే వచ్చింది, తమిళంలోనూ తీశారు. 1997లో రజనీకాంత్ ‘అరుణాచలం’, తెలుగు డబ్బింగ్‌తో సహా, 1985 సినిమా దారినే పట్టింది: 30 రోజులు, 30 కోట్లు, గెలిస్తే 3,000 కోట్లు. పదింతల బహుమతి వందింతలైంది. చుట్టల కథ, ఎన్నికల పోటీ కూడా ఉన్నాయి. అయితే వీలునామా రాసింది తండ్రి కావడంతో హాలీవుడ్‌లో పలచబడిన అనుబంధం ఇక్కడ మళ్లీ చిక్కబడింది.

పోల్చి చూడాలనుకునేవాళ్లు మూకీల జోలికి పోనక్కర్లేదు, అవి మామూలుగా దొరకవు. 1945 సినిమా ముందు చూసి, తర్వాత 1985ది చూడండి. నవలకు అమెరికాలో కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. సమయం లేకపోతే వీలునామా అధ్యాయమూ చివరి కొన్ని అధ్యాయాలూ చదివినా చాలు, రీమేక్‌లో ఏది నిలిచిందో ఏది జారిపోయిందో పట్టుబడుతుంది.