కాగితం మిల్లు వ్యర్థాల గుట్టలోని సున్నం పొలం దాకా ఎందుకు రాలేదు

జిప్సం మన రైతుకు కొత్త కాదు. చౌడుకు వేస్తాడు, వేరుశనగకు వేస్తాడు. కానీ పీహెచ్ (నేల ఎంత ఆమ్లమో చెప్పే అంకె; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే దిగిపోయిన ఆమ్ల నేలలో పీహెచ్ పెంచడం జిప్సం వల్ల కాదు, దానికి సున్నమే కావాలి. అలాంటి నేలలు మనకంటే ఒడిశా, జార్ఖండ్, కేరళ, ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. అక్కడ మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొనలు మొద్దుబారతాయి. వేసిన భాస్వరాన్ని నేలే పట్టేసుకుంటుంది.

ఫ్యాక్టరీ వ్యర్థాన్ని పెద్ద ఎత్తున సున్నంగా వాడిన పాత ఉదాహరణ ఉక్కుది. సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ లండన్‌లో పోలీసు కోర్టు గుమాస్తా. కెమిస్ట్ అయిన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్‌తో కలిసి 1870ల చివర్లో, ఉక్కును పెళుసు చేసే భాస్వరాన్ని సున్నంతో విడగొట్టే పద్ధతి కనిపెట్టాడు. ఆ భాస్వరం స్లాగ్‌లోకి, అంటే ఉక్కు కరిగించేటప్పుడు పైన తేలే చిట్టెంలోకి పోయింది. జర్మనీలో దాన్ని మెత్తగా మరపట్టి 'థామస్ పిండి'గా అమ్మారు. రైతు డబ్బు పెట్టింది భాస్వరానికి, సున్నం కొసరుగా వచ్చింది. నా లెక్కలో అసలు కిటుకు ఇదే. 20వ శతాబ్దం రెండో సగంలో ఆక్సిజన్ కొలుములు వచ్చి థామస్ పద్ధతి మూలపడింది, ఆ పిండీ పోయింది. మన ఉక్కు కర్మాగారాల స్లాగ్‌లో భాస్వరం మొదటినుంచీ తక్కువే. ఒట్టి సున్నం కోసం లారీ కిరాయి ఎవరు భరిస్తారు?

మన దేశంలో పరిశోధకులు కాగితం మిల్లుల సున్నపు బురద వైపు కూడా చూశారు. గుజ్జు ఉడికించే కాస్టిక్ సోడాను సున్నంతో తిరిగి రాబట్టేటప్పుడు కాల్షియం కార్బొనేట్ అడుగున దిగుతుంది, ఆ బురదే ఇది. కలప వాడే మిల్లులు దాన్ని బట్టీలో కాల్చి మళ్లీ సున్నం చేసుకుంటాయి. మన మిల్లులు చాలాకాలం నడిచింది వెదురు మీద. వెదురులో సిలికా ఎక్కువ, అది బురదలో చేరితే కాల్చడం కష్టం. దాంతో గుట్టలు పేరుకున్నాయి. ఆమ్ల నేలల కోరాపుట్‌కు పక్కనే, రాయగడ దగ్గర 1962 నుంచీ కాగితం మిల్లు ఉంది. ఒడిశాలో ఈ బురదను పొలాల్లో వేసి చూశారు, పనిచేసింది.

చిక్కల్లా దాని వాటంతోనే. మిల్లు నుంచి వచ్చేటప్పుడు తడి ముద్ద, ఎండితే గట్టి గడ్డ. ఆరబెట్టి, కొట్టి, జల్లిస్తే గానీ చేతికి రాదు. పైగా పాత సిఫారసు హెక్టారుకు టన్నుల్లో ఉండేది. తర్వాత మోతాదు దించారు: ఏటా విత్తేటప్పుడు చాళ్లలో హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు. ఎకరానికి రెండు మూడు బస్తాలన్నమాట. రైతు మోయగలిగిన లెక్క ఇది. కానీ బస్తాలో సున్నం శాతమెంతో, భార లోహాలు ఉన్నాయో లేదో ఎవరో ఒకరు పరీక్షించి రాసిపెట్టాలి.

ఈలోగా సిమెంటు కంపెనీలు అదే బురదను ముడిసరుకుగా ఏడాది పొడవునా లారీల్లో తీసుకెళ్లగలవు. రైతుకు కావలసింది తొలకరి ముందు నాలుగు వారాలే, అదీ నాలుగు బస్తాలు. మిల్లు ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా?