మార్గశిరంలో ఈకలు రాల్చే పెట్టలు

మార్గశిరం వచ్చేసరికి బెంగళూరులో పెరటికోళ్ళు పెంచుకునే ఇళ్ళలో ఒక దిగులు మొదలవుతుంది. కె.ఆర్. పురంలోనో వర్తూరులోనో యలహంక అవతలనో ఇంటి వెనక కాస్త జాగా చూసుకుని నాలుగైదు కోళ్ళను పెట్టుకున్న తెలుగు కుటుంబం, నిన్నటిదాకా నిగనిగలాడిన పెట్ట ఉన్నట్టుండి బోసిమెడతో, తోక లేకుండా తిరగడం చూసి కంగారుపడుతుంది. గుడ్లు ఆగిపోతాయి, గూడు నిండా ఈకలు పడి ఉంటాయి. పక్కింటివారు వచ్చి చూసి, “తెగులు తగిలినట్టుందండీ, చిక్కిపోకముందే కోసేసుకోండి” అంటారు. ఆ మాట దయచేసి వినవద్దు. ఆ పెట్టకు వచ్చింది తెగులు కాదు, ఏడాదికోసారి పాత ఈకలు వదిలి కొత్తవి తొడుక్కునే సహజమైన మార్పు. చాలాసార్లు అలా కోతకు పోయేది ఆ మందలోకెల్లా మంచి పెట్టే కావడం నన్ను బాధపెడుతుంది.

ఈకలు రాలడానికి ప్రధాన కారణం చలి కాదు, పగటి నిడివి తగ్గడం. కోడి వెలుతురును కళ్ళతోనే కాక, పుర్రె గుండా లోపలికి చేరే కాంతిని గుర్తించే మెదడు కణాలతో కూడా పసిగడుతుంది. పగలు కురచ అవుతున్నకొద్దీ గుడ్లకు తోడ్పడే హార్మోన్లు తగ్గుతాయి, అండాశయమూ గుడ్డుసంచీ కుంచించుకుపోతాయి, థైరాయిడ్ గ్రంథి ప్రభావంతో కొత్త ఈకలు పుట్టుకొచ్చి పాతవాటిని బయటికి నెడతాయి. అయితే బెంగళూరు ఉన్నది సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ జూన్ నెలాఖరున పగలు 13 గంటలకు కాస్త తక్కువ, డిసెంబరు నెలాఖరున 11 గంటల 20 నిమిషాలకు కాస్త ఎక్కువ. తేడా గంటన్నర మాత్రమే. లండన్‌లో ఇదే తేడా ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది. అందుకే శీతల దేశాల పుస్తకాల్లో రాసినట్టు ఇక్కడి కోళ్ళన్నీ ఒకేసారి ఈకలు రాల్చవు. ఒకటి భాద్రపదంలో మొదలుపెడితే ఇంకొకటి పుష్యం దాకా ఆగుతుంది. పొదుగు ముగిసిన పెట్ట, కొన్నాళ్ళు మేతకో నీళ్ళకో ఇబ్బందిపడిన పెట్ట కాలంతో పని లేకుండానే రాల్చవచ్చు.

ఈ పని కోడికి ఎంత ఖర్చుతో కూడినదో లెక్క వేసి చూస్తే మనం చేయవలసింది దానంతటదే తెలుస్తుంది. రెండు కిలోల పెట్ట ఒంటి మీద ఈకల బరువు సుమారు వంద గ్రాములు పైబడి ఉంటుంది, అందులో దాదాపు 90 శాతం కెరటిన్ అనే మాంసకృత్తే. ఒక గుడ్డులో ఉండే మాంసకృత్తులు ఆరు గ్రాములు. అంటే ఒళ్ళంతా కొత్త ఈకలు తొడుక్కోవడానికి కోడి పదిహేను పదహారు గుడ్లకు సరిపడా మాంసకృత్తులను కూడగట్టుకోవాలి. పైగా కెరటిన్‌లో గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. దాన్ని కోడి మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకోగలదు గాని, మెథియోనిన్‌ను మాత్రం మేతలోంచే పొందాలి.

పగటి వెలుతురులో ఒకసారి రెక్కను నెమ్మదిగా విప్పి చూడండి. రెక్క చివర పది పెద్ద ఈకలు ఉంటాయి, ఇవి రెక్క మధ్యభాగం నుంచి కొసవైపు వరుసగా రాలుతాయి. పాత ఈక అంచులు చిరిగి, రంగు వెలిసి ఉంటుంది. దాని పక్కనే మైనపు తొడుగులో చుట్టుకుని ముళ్ళపంది ముల్లులా పొడుచుకు వచ్చేది కొత్త ఈక. ఆ తొడుగు మొదలు దగ్గర నీలిముదురుగా కనిపించేది రక్తం. పెరుగుతున్నంతకాలం ఈక రక్తనాళంతోనే పోషణ పొందుతుంది, విరిగితే రక్తం కారుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. చంకనెక్కి కూర్చునే మచ్చిక పెట్ట కూడా ఈ రోజుల్లో దగ్గరకు రానివ్వదు. చలికి కప్పుదామని దానికి స్వెటర్ తొడిగేవాళ్ళున్నారు. అది ఈ లేత ఈకలను నలిపి బాధపెట్టడమే అవుతుంది.

ఆ పది ఈకలే పెట్ట విలువను కూడా చెబుతాయి. ముందుగా మొదలుపెట్టే పెట్ట ఒక్కొక్క ఈకనే వదులుతూ నాలుగైదు నెలలు గుడ్లు లేకుండా గడుపుతుంది. ఆలస్యంగా మొదలుపెట్టే పెట్ట రెండు మూడు ఈకలను ఒక్కసారే రాల్చి, వాటినన్నిటినీ కలిపి పెంచుకుని, రెండు మూడు నెలల్లో మళ్ళీ గుడ్లకు వస్తుంది. ఒక పెద్ద ఈక పూర్తిగా ఎదగడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది కాబట్టి, కలిపి పెంచుకోవడంలో మిగిలే కాలం తక్కువేమీ కాదు. అంతదాకా ఆగకుండా గుడ్లు పెట్టి, చలి ముదిరాక ఒక్కసారిగా బోసిపోయే పెట్ట చూడటానికి అందరికంటే దీనంగా ఉంటుంది. తెలియక దాన్నే ముందు కోస్తాం.

ఇక మేత. గుడ్లు పెట్టే కోళ్ళకు వేసే లేయర్ మేతలో 16, 17 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఈకలు మార్చుకునే రోజుల్లో 20 శాతం దాకా ఉంటే మేలు. జాలిపడి మిగిలిన అన్నమో నూకలో ఎక్కువగా పెడితే కడుపు నిండుతుంది గాని మాంసకృత్తుల వాటా ఇంకా పడిపోతుంది. కోడిపిల్లలకు పెట్టే స్టార్టర్ మేతను ఈ రెండు మూడు నెలలు పెట్టడం అన్నిటికంటే తేలిక. దానిలో ఇంకొక లాభం ఉంది: లేయర్ మేతలోని మూడున్నర, నాలుగు శాతం కాల్షియం గుడ్లు పెట్టని కోడి మూత్రపిండాలకు అనవసరపు భారం, స్టార్టర్‌లో అది ఒక శాతమే. గుడ్లు పెట్టే తోటి కోళ్ళ కోసం ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెడితే కావలసినవే తింటాయి.

మన ఇళ్ళలో దొరికేవాటిలో నువ్వుల చెక్కను నేను ముందు చెబుతాను, ఎందుకంటే మెథియోనిన్ సోయాలో, వేరుశనగలో తక్కువ, నువ్వుల్లో ఎక్కువ. వేరుశనగ చెక్కకు బూజు పట్టే బెడద కూడా ఉంది, ఆ బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండు నెత్తళ్ళు చాలా మంచివి, కాని ఉప్పు పోయేలా నానబెట్టి, కడిగి, కొద్దిగానే పెట్టాలి. ఉడికించిన గుడ్డును చిదిమి పెట్టినా సరే.

చలి సంగతి దాని హద్దులో చూడాలి. బెంగళూరులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు పుష్యమాసపు రాత్రులు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. ఒంటి వేడి 41 డిగ్రీలుండే కోడికి, సగం బోసిగా ఉన్నా, పొడి చోటు ఉంటే ఇది ప్రాణం మీదకు వచ్చే చలి కాదు. ప్రమాదమంతా తడిలోనూ ఈదురుగాలిలోనూ ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడి రెండు మూడు రోజులు విడవకుండా ముసురు పట్టినప్పుడు, తడిసిన బోసి పెట్టకు వేడి నిలవదు. గాలి వీచే వైపు గోనెపట్టా కట్టండి, కింద వరిఊక మందంగా పరచి తడిసినప్పుడల్లా మార్చండి. పైన మాత్రం గాలి ఆడనివ్వాలి. నాలుగు వైపులా మూసేస్తే రెట్టలోని అమ్మోనియా ఘాటు ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఊక, గడ్డి ఉన్న గూట్లో వేడి బల్బు వేలాడదీయడం నిప్పుతో చెలగాటం, పైగా ఆ వెలుతురు కోడికి నిద్ర లేకుండా చేస్తుంది. సాయంత్రం గుప్పెడు మొక్కజొన్నలు వేస్తే రాత్రంతా అరుగుతూ ఒంటికి కావలసిన వేడినిస్తాయి.

ప్రతి బోసితనమూ ఈకల మార్పు కాదన్నది మరవకూడదు. కొత్త మొలకలు లేకుండా ఒకే చోట చర్మం ఎర్రబడితే తోటి కోళ్ళు పొడుస్తున్నాయేమో, పేలున్నాయేమో చూడాలి. ఎర్ర నల్లులు పగలు గూటి పగుళ్ళలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం పీలుస్తాయి కాబట్టి, చీకటి పడ్డాక టార్చిలైటు వేసి దూలం అడుగున వెతకాలి. మేత మానేసి, రెట్ట ఆకుపచ్చగా పారుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది రాణిఖేత్ తెగులు కావచ్చు, వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి పశువైద్యుడికి చూపించాలి. ఈకలు మార్చుకునే పెట్ట మందకొడిగా ఉన్నా మేత మాత్రం మానదు.

రెక్క కొసన చివరి ఈక నిండుగా పెరిగి, తల మీద పాలిపోయిన జుట్టు మళ్ళీ ఎర్రబడినప్పుడు లేయర్ మేతను వారం రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ పూర్తిగా మార్చండి. అంతకుముందే లైటు పెట్టి గుడ్ల కోసం తొందరపెట్టవద్దు. కుంచించుకుపోయిన గుడ్డుసంచి మళ్ళీ సిద్ధమయ్యే వ్యవధి దొరికితేనే, ఆ తర్వాత వచ్చే గుడ్లకు పెంకు గట్టిగా ఉంటుంది.