మడమలో నెర్రెలు

అలిపిరి మెట్లు 3,550. చెప్పుల్లేకుండా ఎక్కొచ్చిన మర్నాడు మా అమ్మ మడమ చూశాను. అంచు పొడవునా గీతలు, ఒకదాని అడుగున ఎర్రగా పచ్చి. రోజూ పొద్దున ఎండిన కాలికే ఆముదం పట్టించేది. ఆముదం మంచిదే, వేళ తప్పింది.

కనురెప్ప మీద పైచర్మం మందం 0.05 మిల్లీమీటరు ఉంటే, అరికాల్లో సుమారు 1.5 మిల్లీమీటర్లు. అక్కడ నూనె గ్రంథి ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ చెమట గ్రంథులే. పైపొరలో నీరు 10 శాతం కంటే తగ్గితే చర్మం అట్టలా బిరుసెక్కుతుంది. ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త ఎండిన ఆనెకాయ ముక్కల్ని నూనెల్లో నానేసి చూశాడు, మెత్తబడలేదు. నీళ్ళు పీల్చుకున్నాకే వంగాయి. ఆ సంగతి 1952లోనే అచ్చయింది. చర్మాన్ని మెత్తబరిచేది నీరు. ఆ నీటిని ఆవిరి కాకుండా ఆపడమే నూనె పని.

మన చిత్తూరు చెరువులు ఎండినప్పుడు మన్ను కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మడమకు దీనికి తోడు బరువొకటి. నిలబడగానే లోపలి కొవ్వు మెత్త పక్కలకు ఉబ్బుతుంది, బిరుసెక్కిన తోలు సాగలేక అంచున చిట్లుతుంది. పొద్దస్తమానం నిలబడి పూలమ్మే వాళ్ళకు, వెనక పట్టీ లేని చెప్పులేసుకునే వాళ్ళకు ఇది ఎక్కువ.

అందుకే రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు కాళ్ళు పెట్టి, పైపైన తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే ఆముదమో వాజిలినో రాసి సాక్సు తొడుక్కోవాలి. మందుల షాపులో దొరికే యూరియా క్రీము ఇంకా మేలు, అది నీటిని పట్టి ఉంచుతుంది. బ్లేడుతో మాత్రం గీకొద్దు. ఎన్నాళ్ళు చేసినా తగ్గకపోతే తామర, సోరియాసిస్, థైరాయిడ్ లాంటివేమో డాక్టరు చూడాలి.

షుగరున్న వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు కాళ్ళు నానబెట్టకూడదు, వట్టి కాళ్ళతో నడవకూడదు. నరాలు దెబ్బతింటే అరికాలికి చెమట పట్టదు, పగులు నొప్పీ తెలియదు. రోజూ అద్దం పెట్టుకునైనా అరికాలు చూసుకోవాలి. మా పెదనాన్న అలా చూసుకునేవాడు కాదు. పగులు మాంసం దాకా దిగిందని దుప్పటి మీద రక్తపు మరక కనబడేదాకా ఆయనకు తెలియలేదు.